గదికో చలవ మంచిదే, దానికి స్మార్ట్ వెంట్లెందుకు?

విజయవాడ, గుంటూరు ఇళ్లలో సెంట్రల్ ఏసీ పెట్టించి, దాని గాలి గొట్టాలకు గదిగదికీ స్మార్ట్ వెంట్లు, అంటే తమంతట తామే తెరుచుకుని మూసుకునే మోటారు జాలీ మూతలు, బిగించుకోవడం డబ్బిచ్చి తలనొప్పి కొనుక్కోవడమే అని నా గట్టి అభిప్రాయం. నేను ఇళ్లకు వైరింగ్ పని చేయించే కాంట్రాక్టరుని. ఏసీ పాయింట్లు ఎక్కడ ఇవ్వాలి, డ్రెయిన్ పైపు ఎటు దింపాలి, ఇంటికి ఎంత లోడు పడుతుంది అన్నవి చూడటం నా రోజువారీ పని. ఈమధ్య డూప్లెక్సులు కట్టుకునేవాళ్లు ఈ వెంట్ల సంగతి అడుగుతున్నారు. అమెరికాలో కొడుకో కూతురో వాడుతుంటారు, వీడియో కాల్‌లో చూపిస్తారు, మనక్కూడా పెట్టించుకుందాం అనిపిస్తుంది. గుంటూరు విద్యానగర్‌లో ఇల్లు కడుతున్న మా బావగారూ అదే అడిగారు. ఆయనతో నేను వాదించిందంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ప్లాస్టరింగ్ అయిపోయాక ఎవరేం చెప్పినా గోడలు పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

ముందు అసలు ఇవి ఎందుకు పుట్టాయో చూడాలి. అమెరికాలో చాలా ఇళ్లకు ఒకటే పెద్ద యంత్రం. చలికాలం వేడిగాలి, ఎండాకాలం చల్లగాలి, రెండూ ఒకే డక్టుల్లో (గాలి గొట్టాల్లో) నుంచి గదుల్లోకి వస్తాయి. గదిలో ఆ డక్టు తెరుచుకునే చోట, నేలలోనో సీలింగ్‌లోనో, ఒక జాలీ మూత ఉంటుంది. అదే వెంట్. ఇల్లంతటికీ థర్మోస్టాట్, అంటే వేడిని చూసి యంత్రాన్ని నడిపి ఆపే మీట, మాత్రం ఒక్కటే, ఏ హాలు గోడకో ఉంటుంది. ఆ గోడ దగ్గర చల్లబడితే ఇల్లంతా చల్లబడినట్టే దాని లెక్క. పైన పడమటి గదిలో పిల్లాడు చెమటలు కక్కుతున్నా దానికి తెలియదు. ఈ ఇబ్బంది తీర్చడానికే మామూలు వెంట్ స్థానంలో మోటారున్న వెంట్ వచ్చింది. ప్రతి గదిలో ఒక సెన్సర్ ఉంటుంది. ఆ గది కావలసినంత చల్లబడగానే రేకులు మూసుకుంటాయి, వేడెక్కితే తెరుచుకుంటాయి. ఆలోచనలో తప్పేమీ లేదు. మనుషులున్న గదినే చల్లబరచాలి, ఖాళీ గదికి కరెంటు తగలెయ్యకూడదు అన్నది నేనూ ఒప్పుకునే మాటే.

చిక్కంతా యంత్రం దగ్గర వస్తుంది. మా తమ్ముడు డాలస్ దగ్గర ఉంటాడు. వాళ్లింట్లో ఇవి దగ్గరగా చూశాను. స్క్రూలు విప్పి మూత కిందికి దింపితే వెనక వరసగా రేకులు, ఓ పక్కన చిన్న మోటారు, బ్యాటరీలు పెట్టే అర కనిపిస్తాయి. ఫోన్‌లో నొక్కితే సన్నటి చప్పుడుతో రేకులు నిదానంగా మూసుకుంటాయి. ఆ వెంటనే పక్క గది వెంట్‌లో ఈల వేసినట్టు గాలి చప్పుడు మొదలవుతుంది. ఇక్కడ ఆగిన గాలి అక్కడ దారి వెతుక్కుంటుందన్నమాట. ఒకరోజు మా మరదలు తాను ఆఫీసు పని చేసుకునే గది తప్ప మిగతావన్నీ మూసేసింది. గాలంతా తన గదికే వస్తుందని ఆశ. సాయంత్రానికి ఆ గదిలోనూ గాలి పలచబడింది. తమ్ముడు, నేను అటక ఎక్కి చూస్తే యంత్రంలోకి వెళ్లే లావు రాగి పైపు మీద తెల్లగా ఐసు పేరుకుని ఉంది. ఏసీ పని తెలిసినవాళ్లకు ఆ ఒక్క దృశ్యం చాలు. గాలిని చల్లబరిచే పైపుల చుట్ట, అదే కాయిల్, గడ్డకట్టింది. మెకానిక్ వచ్చి వెంట్లన్నీ తెరిపించి, కంప్రెసర్ ఆపి, ఐసు కరిగేదాకా ఉత్త ఫ్యాను తిప్పించాడు.

ఎందుకిలా అయిందో కొంచెం లెక్కతో చెబుతాను. ఏసీలో ఒక్కో టన్నుకు నిమిషానికి దాదాపు 400 ఘనపుటడుగుల గాలి కాయిల్ మీదుగా పోవాలి. మూడు టన్నుల యంత్రమైతే 1,200. డక్టుల వెడల్పు, గాలి తోసే ఫ్యాను (బ్లోయర్) బలం అన్నీ ఈ లెక్కతోనే పెడతారు. గదుల్లో సగం వెంట్లు మూసినంత మాత్రాన మూడు టన్నుల కంప్రెసర్ ఒకటిన్నర టన్నులది అయిపోదు. అది తన చలవ తాను తయారు చేస్తూనే ఉంటుంది, తీసుకుపోయే గాలి మాత్రం తగ్గిపోతుంది. మొక్కలకు నీళ్లు పట్టే ట్యూబు చివర వేలు అడ్డం పెడితే లోపల ఒత్తిడి పెరిగి, కొళాయి దగ్గర బిగింపు ఊడి నీళ్లు చిమ్ముతాయి చూశారా, డక్టులోనూ అదే జరుగుతుంది. అతుకుల సందుల్లోంచి చల్లగాలి అటకలోకి పోతుంది. కాయిల్ మీద గాలి తగ్గి, చుట్టూ ఉన్న తేమ మంచై పేరుకుంటుంది. అలాగే నడిపితే ఆవిరి కావలసిన గ్యాస్ ద్రవంగానే కంప్రెసర్‌లోకి వెళ్తుంది. కంప్రెసర్ పోతే ఆ ఖర్చు ముందు వెంట్ల మీద ఆదా చేసిన కరెంటు ఏపాటిది? చలికాలంలో వేడిగాలి నడిపేటప్పుడు దీనికి తలకిందులు సమస్య: గాలి చాలక ఫర్నేస్ (గాలిని వేడిచేసే పొయ్యి) మితిమీరి కాగి, రక్షణ స్విచ్ పడి ఆగిపోతుంది.

ఇది నేనొక్కడినే అనే మాట కాదు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ లాబొరేటరీ 2003లోనే వేడిగాలి డక్టుల మీద దీన్ని పరిశీలించింది. వెంట్లు మూస్తే కొన్ని గదులను వేడి చేసే భారం తగ్గిన మాట నిజమే, కానీ డక్టుల లీకేజీ పెరిగి ఆ లాభం కాస్తా హరించుకుపోతుందని తేల్చింది. అది ఇంకా మామూలు వెంట్లను చేత్తో మూసిన లెక్క. మోటారు, యాప్ తగిలించినంత మాత్రాన గాలి స్వభావం మారదు కదా.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. వేగం తగ్గించుకోగల యంత్రం, వెడల్పాటి డక్టులు ఉన్న ఇంట్లో, అతిగా చల్లబడే ఒకటి రెండు గదుల వెంట్లను కొంచెం కొంచెం మూస్తే ఉపయోగమే. తమ్ముడు ఇప్పుడు అలాగే వాడుతున్నాడు, సుఖంగానే ఉన్నాడు. వాళ్లకు ఇల్లు కొన్నప్పుడే డక్టులు వచ్చాయి, ఉన్నదాంతో సర్దుకోవాలి. ఆ సర్దుబాటుకు స్మార్ట్ వెంట్ పనికొస్తుంది. మనం మాత్రం లేని సమస్యను ముందు ఇంట్లోకి తెచ్చుకుని, ఆ తర్వాత దానికి మందు కొంటామంటున్నాం.

ఎందుకంటే గదికో చలవ అన్నది మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. ముందు బెడ్‌రూంలో ఒక ఏసీ పెట్టిస్తాం. పిల్లలు పెద్దయితే ఇంకోటి, చేతిలో డబ్బు ఆడినప్పుడు హాల్లో ఇంకోటి. ఏ గదిలో మనిషుంటే ఆ గది ఏసీ తిరుగుతుంది, ఖాళీ గదిలో ఆగిపోతుంది. ఇన్వర్టర్ ఏసీ అయితే గది చల్లబడే కొద్దీ కంప్రెసరే నెమ్మదిస్తుంది. డాలస్‌లో రేకులు మూసి సాధించాలనుకున్న పని ఇక్కడ గోడ మీద స్ప్లిట్ ఏసీ చేసి చూపిస్తోంది. డాబా మీద అవుట్‌డోర్లు వరసగా ఉంటే అసహ్యంగా ఉంటుంది, ఒక్కటే కావాలి అంటే అందుకూ దారి ఉంది. జపాన్ కంపెనీ డైకిన్ 1982లోనే ఒక అవుట్‌డోర్‌కు చాలా ఇండోర్లు కలిపే వీఆర్‌వీ పద్ధతి తెచ్చింది. అందులో గదుల మధ్య తిరిగేది గాలి కాదు, గ్యాస్. ఏ గదికి ఎంత గ్యాస్ పోవాలో వాల్వులు చూసుకుంటాయి, దానికి తగ్గట్టు కంప్రెసర్ వేగం మారుతుంది. ఖరీదు ఎక్కువే, కానీ పద్ధతి సరైనది.

బావగారు అన్నారు, "అదంతా బానే ఉంది గానీ, గోడకి ఆ తెల్లడబ్బాలు నాకు నచ్చవయ్యా. సీలింగ్‌లోంచి గాలి రావాలి, హోటల్లో లాగా." ఆ కోరికను నేను తక్కువ చెయ్యను. ఇల్లు జన్మకోసారి కడతాం. కానీ ఆ ఫాల్స్ సీలింగ్ పైన ఏముందో కూడా చూడాలి కదా. మే నెలలో మధ్యాహ్నం పూట ఎండలో కాలే స్లాబు. దాని కింద జానెడు సందులో చల్లగాలి గొట్టాలు! పైగా ఆ సందులో బల్లులు, ఎలుకలు. డక్టు తొడుగు ఎక్కడ చిరిగినా తేమ పట్టి సీలింగ్ మీద పసుపు మచ్చలు. గది తలుపు వేస్తే లోపలికి వచ్చిన గాలి తిరిగి యంత్రానికి చేరడానికి తలుపు కింద సందో, వేరే రిటర్న్ గ్రిల్లో ఉండాలి. ఇంటీరియర్ వాళ్లు తెచ్చిన ప్లానులో అది లేనే లేదు. అన్నిటికంటే పెద్ద మాట ఇంకోటుంది. రోహిణి కార్తెలో స్ప్లిట్ ఏసీ చెడితే ఒక గది పోతుంది, అందరూ ఇంకో గదిలో పక్కలేసుకుని పడుకుంటారు. ఉన్న ఒక్క యంత్రం చెడితే ఇల్లంతా పోతుంది, ఆ రోజుల్లో మెకానిక్ దొరకడం మనకు తెలియంది కాదు.

ఇక వేడిగాలి సంగతి. స్మార్ట్ వెంట్ల గొప్ప చెప్పేవాళ్ల లెక్కల్లో చలికాలానివీ ఉంటాయి. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున గుంటూరులో ఓ దుప్పటి చాలు. ఆ లెక్క మనకు వర్తించదు.

ఇంతకీ నేను అందరినీ అడిగే ప్రశ్న వేరే ఉంది. ఆ గది ఎందుకు వేడెక్కుతోంది? ఇది తేల్చకుండా ఏ యంత్రం పెట్టినా అది జీవితాంతం గోడతో, కప్పుతో యుద్ధం చేస్తూనే ఉంటుంది.

మన ఇళ్లలో వాస్తు ప్రకారం ఇంటి యజమాని పడకగది నైరుతిలో వస్తుంది. పడమర ఎండంతా ఆ గది గోడకే. రాత్రి తొమ్మిదింటికి ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి, ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ గోడకున్న స్విచ్‌బోర్డు ప్లేటు కూడా వేడే. బాత్‌రూంలో కుళాయి తిప్పితే గీజర్ వెయ్యకుండానే వేణ్ణీళ్లు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మధ్యాహ్నమంతా పీల్చుకున్న వేడిని మనం పడుకునే వేళకు లోపలికి వదులుతుంది. పైన స్లాబుదీ అదే వరస. సాయంత్రం బయట గాలి కాస్త చల్లబడ్డాక కూడా లోపల ఉడుకుతుందంటే కారణం ఇదే.

మరో సంగతి చాలామందికి తట్టదు. గుంటూరు, విజయవాడలు భూమధ్యరేఖకు ఉత్తరంగా 16 డిగ్రీలు దాటి ఉన్నాయి. అందువల్ల మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. అంటే మండు వేసవిలో దక్షిణపు గోడ మీద ఎండ తక్కువ. దెబ్బ తినేది డాబా, ఆ తర్వాత పడమటి గోడ. డబ్బు అక్కడ పెట్టాలి. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటో, కూలింగ్ టైల్సో, కనీసం ఏటా వేసవికి ముందు సున్నమో వేయించాలి. పడమటి కిటికీకి లోపల కర్టెన్ కట్టడం కంటే బయట నీడ ఇవ్వడం మేలు. అద్దం దాటి లోపలికొచ్చిన ఎండను కర్టెన్ ఆపినా వేడి గదిలోనే ఉండిపోతుంది. లోతైన సజ్జ, బయట వెదురు తడిక, గ్రీన్ నెట్, ఏదైనా సరే. కేంద్రంలోని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ తెచ్చింది. పైకప్పు గుండా వేడి ఎంత దిగొచ్చో అందులో హద్దు పెట్టారు. మనం పోసే ఉత్త స్లాబు ఆ హద్దుకు రెండింతల పైనే వేడిని దించుతుంది. తెలంగాణ 2023లో చల్లటి కప్పుల కోసం ప్రత్యేకంగా ఒక పాలసీయే తెచ్చింది. అక్కడికంటే ఉక్కపోత ఎక్కువున్న మనకు ఇంకెంత అవసరం!

ఉక్కపోత అన్నాను కాబట్టి టన్నుల గురించి చెప్పాలి. ఎందుకైనా మంచిదని చిన్న గదికి పెద్ద ఏసీ పెట్టించే అలవాటు మనకుంది. అది గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగేంతసేపు తిరగదు. గది చల్లగా, జిగటగా ఉంటుంది. ఆ జిగట పోదని రిమోట్ ఇంకా కిందికి నొక్కుతాం. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నిబంధన పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ప్రభుత్వ అంచనా. కప్పు బాగుచేసిన గదిలో 26 పెట్టి సీలింగ్ ఫ్యాను తిప్పితే హాయిగా నిద్రపడుతుంది.

బిల్లు కూడా ఈ గదుల లెక్కను బట్టే ఉంటుంది. మన ఆంధ్రప్రదేశ్ కరెంటు రేట్ల స్లాబుల్లో నెలకు 225 యూనిట్లు దాటాక ఒక్కో యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటాక 9.75. మొదటి 30 యూనిట్లకు 1.90 మాత్రమే. అంటే ఏసీ తాగే యూనిట్లన్నీ ఖరీదైన పై స్లాబుల్లోనే పడతాయి. ఒక టన్ను ఏసీ పూర్తి జోరులో గంటకు దాదాపు ఒక యూనిట్ తీసుకుంటుంది. రాత్రంతా ఒక గదిలో, వేగం తగ్గుతూ పెరుగుతూ తిరిగితే ఐదు యూనిట్లు అనుకుందాం. నెలకు 150. ఇల్లంతటికీ పెట్టిన ఐదు టన్నుల డక్టు యంత్రాన్ని ఒక్క పడకగది కోసం తిప్పితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అర్ధరాత్రి ఇంట్లో అందరూ పడుకునేది రెండు గదుల్లో, మిగతా వెంట్లన్నీ మూసుకునేది సరిగ్గా అప్పుడే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే మనసుకు పట్టిన విషయం. బావగారి ప్లానులో వెంట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూశాను. హాల్లో నాలుగు, హోం థియేటర్‌లో రెండు, పడకగదుల్లో ఒక్కోటి. వంటగదిలో లేదు. కింద వెనకవైపు అమ్మ ఉండబోయే చిన్న గదిలో లేదు. "అత్తయ్యగారికి ఏసీ పడదు కదా" అన్నారు బావగారు. అమ్మకు పడనిది ముఖం మీదికి కొట్టే చల్లగాలి. మోకాళ్లు పట్టేస్తాయని భయం. అంతేగానీ వడగాడ్పులో ఆ గదిలో కూర్చోవడం ఆవిడకు ఇష్టమని కాదు. పెద్దవాళ్లకు దాహం తెలియదు, చెమట సరిగ్గా పట్టదు, వడదెబ్బ ముందు తగిలేది వాళ్లకే. 28 డిగ్రీల దగ్గర, గాలి మంచం మీదికి రాకుండా పైకి తిప్పి పెట్టిన చిన్న ఏసీ ఆవిడకు సరిపోతుంది. ఇంట్లో పగలంతా ఉండేది అమ్మ, అక్క. చలవ వెళ్లేది సాయంత్రం ఏడింటికి వచ్చేవాళ్ల గదులకు! గదిగదికీ వేరుగా చల్లబరచడం అంటే ముందు ఏ గదిలో ఎవరు ఎంతసేపు ఉంటున్నారో చూడాలి కదా. ఏ సెన్సరైనా తనను పెట్టిన గదినే చూస్తుంది. పెట్టని గదిలో మనిషి ఉందని అది చెప్పదు.

ఈ మాట అక్క ముందే అన్నాను. బావగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ప్లాను కాగితం నా వైపు తిప్పి, "అయితే ఎక్కడెక్కడ పెట్టాలో నువ్వే గియ్యి" అన్నారు.

గీశాం. డక్టులు, స్మార్ట్ వెంట్లు తీసేశాం. ఆ డబ్బులో కొంత డాబా మీద కూలింగ్ టైల్స్‌కు, నైరుతి గది పడమటి కిటికీ సజ్జకు పోతుంది. అమ్మ గదికి ఒక టన్ను, నైరుతి గదికి ఒకటిన్నర, పిల్లల గదికి ఒకటి. హాల్లో బావగారి కోరిక ప్రకారం సీలింగ్‌లోనే ఇమిడిపోయే కాసెట్ ఏసీ, దాని గాలి హాలుకే. ప్రతి పాయింటుకు వేరే ఎంసీబీ (లోడు మించితే పడిపోయే రక్షణ స్విచ్), వేరే వైరు.

వంటగది మాత్రం తేలికగా తెగలేదు. పొయ్యి మీద నేరుగా ఏసీ గాలి పడకూడదు, చిమ్నీ తిరుగుతుంటే చల్లగాలినంతా బయటికి లాగేస్తుంది. చివరికి ఆగ్నేయంలో ఉన్న ఆ వంటగదికి తూర్పు కిటికీ పెద్దది చేసి, చిమ్నీకి కావలసిన గాలి అటునుంచే వచ్చేలా చూశాం. కూరగాయలు తరిగేది, పప్పు రుబ్బేది, టిఫిన్ పెట్టేది అంతా పక్కనున్న డైనింగ్‌లో కాబట్టి, మధ్యలో జరిపే గాజు తలుపు పెట్టి డైనింగ్ గోడకు ఒక ఏసీ పాయింటు ఇస్తున్నాం. ఏసీ ఈ ఏడు కొనకపోవచ్చు. అయినా కాపర్ పైపుకు స్లీవు, డ్రెయిన్ పైపు, 20 ఆంపియర్ల సాకెట్ ఇప్పుడే గోడలో పెట్టించమని మేస్త్రీకి చెప్పాను. ఇల్లు కడుతున్నవాళ్లు ఎవరైనా సరే, వంటింటి పక్క గోడకు, పెద్దవాళ్ల గదికి ఈ మూడూ పెట్టించుకోండి. ప్లాస్టరింగ్‌కు ముందైతే దానికయ్యే ఖర్చు చాలా తక్కువ.